కాలువ, చెరువు, క్వారీ: సెలవులకు ముందు ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

ఏప్రిల్ 24 నుంచి బడికి సెలవులు, మళ్లీ జూన్ 12న తెరుస్తాం. హోంవర్కు సంగతి క్లాస్ టీచర్లు చెప్తారు. నేను నీళ్ల గురించే రాస్తున్నాను.

"మావోడికి ఈత వచ్చు సార్" అంటారు మీలో చాలామంది. వచ్చు, కాదనను. వీపుకు సొరకాయ బుర్రో ఖాళీ డబ్బానో కట్టుకొని బావిలో నేర్చినవాళ్లే మన పిల్లలు. కానీ బావిలో నీళ్లు కదలవు. కాకతీయ కాలువ చూడ్డానికి నిదానంగానే ఉంటుంది, దిగితే తెలుస్తుంది దాని గుంజుడు. రెండు పక్కలా ఏటవాలు సిమెంటు లైనింగు, దాని మీద పాకురు. పట్టుకుందామంటే గడ్డిపోచ దొరకదు. బట్టలు ఉతకడానికో, బర్రెలు కడగడానికో వెళ్లినప్పుడు చిన్నపిల్లల్ని ఒడ్డున వదిలేయకండి.

చెరువులో మట్టి కోసం, మొరం కోసం జేసీబీలు తవ్విన గుంతలు నీళ్ల కింద కనిపించవు. మోకాళ్ల లోతే కదా అని ఇంకో అడుగు వేస్తే నిలువెత్తు మనిషి మునుగుతాడు. వదిలేసిన గ్రానైటు క్వారీలకైతే అంచు నుంచే లోతు, పైకి ఎక్కే దారే ఉండదు. అక్కడికి ఈత వచ్చినవాళ్లనూ పంపొద్దు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర బేరం లేదు.

2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో మన హైదరాబాద్ నుంచి టూరుకు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగినవాళ్లు కారు. రాళ్ల మీద ఫొటోలు దిగుతుంటే పైన లార్జి డ్యాం నుంచి నీళ్లు వదిలారు. మన కాలువైనా అంతే, పొద్దున పాదాలు తడిసేటన్ని నీళ్లే ఉన్నా షట్టర్లు ఎత్తితే సాయంత్రానికి నిండుతుంది.

నాకు అన్నిటికన్నా భయం వేసేది మరొకటి. ఒకరు మునిగితే కాపాడబోయి ఇంకో ఇద్దరు పోవడం. ఏటా ఎండాకాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం: అన్నదమ్ములు, బావాబామ్మర్దులు, తండ్రీకొడుకులు. మునిగేవాడు చేతికందిన మెడనే పట్టుకుంటాడు, అది దోస్తు మెడైనా సరే. అందుకే పిల్లలకు ఇంట్లో గట్టిగా చెప్పండి, దోస్తు మునుగుతుంటే నీళ్లలోకి దూకొద్దు. పెద్దల్ని కేకేయాలి. తాడో, చీరో, మూత బిగించిన నూనె డబ్బానో విసరాలి. కట్టె అందించాలంటే ఒడ్డున బోర్లా పడుకొని అందించాలి, నిలబడితే తామూ జారతారు. 112కు ఫోన్ చేయాలి.

ఇంకోటి. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా చేతులు ఊపి అరవరు. నోట్లోకి నీళ్లు పోతుంటే గొంతు లేవదు. ఉన్నట్టుండి పిల్లాడి చప్పుడు ఆగిందంటే చూడాల్సింది అప్పుడే. ఫోన్ జేబులో పెట్టుకొని చూడండి.

బయటికి తీశాక తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కడం మనూళ్లలో ఇంకా ఉంది. వద్దు. దానివల్ల కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలూ పోతాయి. ఊపిరి ఆడకపోతే ముందు నోట్లో గాలి ఊదాలి, తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊదుతూ 108 వచ్చేదాకా ఆపొద్దు. తేరుకున్నా దవాఖానకు తీసుకెళ్లాల్సిందే.

ఏప్రిల్ 23న ప్రోగ్రెస్ కార్డుల కోసం ఎలాగూ బడికి వస్తారు. ఆ రోజు మా పీఈటీ సార్ గ్రౌండులో తాడు కట్టిన డబ్బా ఎలా విసరాలో చూపిస్తారు. సంతకం పెట్టి వెళ్లిపోకుండా పావుగంట ఆగి మీరూ విసిరి చూడండి. అమ్మలు కూడా.

ఇట్లు
ప్రధానోపాధ్యాయుడు