మూడు జంటల మాట దొరికింది నాన్నా

లీడ్స్,
నవంబరు 16, ఆదివారం.

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. ఇక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతోంది. అమ్మ పంపిన కందిపొడి అందింది. ఈ సంగతి ఫోనులోనే చెప్పవచ్చు గానీ, మీకు కాగితం మీద రాయాలనిపించింది. అక్షరాల సంగతి కదా, కంటికి కనబడాలి.

మూడు జంటల మాట దొరికింది నాన్నా.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, కరెంటు పోయిన ఒక రాత్రి మిద్దె మీద మీరు అడిగారు. ఒక ఇంగ్లీషు మాటలో ఒకే అక్షరం పక్కపక్కన రెండుసార్లు రావాలి, అలాంటి జంటలు మూడు వరసగా ఉండాలి, నడుమ మరో అక్షరం దూరకూడదు అన్నారు. నేను మర్నాడే పరుగెత్తుకొచ్చి "కమిటీ" అన్నాను. రెండు ఎం, రెండు టి, రెండు ఈ. మీరు కాగితం మీద రాసి, ఎం జంటకూ టి జంటకూ మధ్య ఉన్న ఐ మీద వేలు పెట్టారు. ఆ తరువాత "మిసిసిపి" తెచ్చాను. అందులోనూ ఐ అడ్డం. పైగా ఊర్ల పేర్లు, నదుల పేర్లు పనికిరావన్నారు. జవాబు చెప్పమని ఎంత బతిమాలినా, "దొరికినప్పుడు నీకే తెలుస్తుంది" అని ఊరుకున్నారు.

ఇక్కడి గ్రంథాలయంలో గురువారం సాయంత్రాలు కొందరం అక్షరాల బిళ్లలతో మాటలు కూర్చే స్క్రాబుల్ ఆడతామని చెప్పాను కదా. మొన్న నా పక్కన కూర్చున్న పెద్దావిడ తన అన్నగారి ఉద్యోగం గురించి చెబుతూ "బుక్‌కీపర్" అన్నారు. అంటే లెక్కల పుస్తకాలు రాసేవాడు. ఆ మాట నేను వెయ్యిసార్లు విన్నదే. ఎందుకో ఆ రోజు మార్కులు వేసుకునే చీటీ చివర రాశాను: బి, ఓ, ఓ, కె, కె, ఈ, ఈ, పి, ఈ, ఆర్. ఓ జంట, కె జంట, ఈ జంట. నడుమ ఎవరూ లేరు. ఆట నా వంతుకు వచ్చి ఆగిపోయింది, నేను చీటీనే చూస్తూ కూర్చున్నాను.

గాంధీ రోడ్డు బట్టల కొట్టులో ముప్పై రెండేళ్లు చిట్టా, ఆవర్జా రాసిన మనిషి కూతురికి తన ఉద్యోగాన్నే పొడుపుకథగా ఇచ్చాడు. బడి ఫారాల్లో తండ్రి వృత్తి అన్న గడిలో నేను ప్రతి ఏడూ "గుమాస్తా" అని రాసేదాన్ని. మీరు చదివి కింద సంతకం పెట్టేవారు. ఒక్కసారి కూడా దిద్దలేదు.

చొక్కాల మడతల్లో వచ్చే అట్టలు కత్తిరించి మీరు చేసిన అక్షరాలు ఇంకా ఉన్నాయా? మొదట ఒక్కో అక్షరానికి మూడేసి ముక్కలు చేశారు. "ఈ" అన్న అక్షరం చాలక ఆట మాటిమాటికీ ఆగిపోతే ఇంకో ఆరు కత్తిరించారు. స్క్రాబుల్‌ను తయారుచేసిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు కూడా 1930లలో ఉద్యోగం లేని రోజుల్లో పత్రికలు ముందు వేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడట. అందుకే పెట్టెలోని 100 బిళ్లల్లో "ఈ"లు 12 ఉంటాయి, క్యూ ఒక్కటే ఉంటుంది. మీరు పత్రిక లెక్కపెట్టకుండానే తొమ్మిది దాకా వచ్చారు!

మీరు నేర్పిన కిటుకు నాకు ఇక్కడా పనికొస్తోంది. పొడవైన మాట కావాలంటే ముందు తోక పట్టుకోవాలి అనేవారు. పోయిన నెల నా చేతికి జి, ఎస్, ఈ, ఎన్, టి, ఐ, ఆర్ వచ్చాయి. ఐ, ఎన్, జి మూడూ తోకగా పక్కన పెట్టగానే మిగిలినవాటిలో "రెస్ట్" కనబడింది. "రెస్టింగ్" వేసి ఏడు బిళ్లలూ ఒకేసారి దించాను. దానికి అదనంగా 50 మార్కులు. "అన్‌కాపీరైటబుల్" కూడా ఇలా తలా తోకా అతికితే పుట్టినదే. 15 అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. ఊపిరితిత్తుల్లో ధూళి చేరే జబ్బుకు 45 అక్షరాల పేరు ఒకటుంది. దాన్ని 1935 ప్రాంతంలో అమెరికాలో పదక్రీడల సంఘం అధ్యక్షుడు పొడవు కోసమే కట్టాడు. అది నాకు నచ్చదు. ఎవరి నోటా నలగని మాటను వెతికి పట్టుకోవడంలో ఆనందం ఏముంటుంది?

"క్యూయింగ్" మాత్రం మన ఊరి మాటే అనిపిస్తుంది. క్యూ వెనక యూ, ఈ, యూ, ఈ, ఐ, అయిదు అచ్చులు వరసగా నిలబడి ఉంటాయి, కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్సులో జనంలాగా. ఏ, ఈ, ఐ, ఓ, యూ అదే క్రమంలో ఒక్కొక్కసారే వచ్చే "అబ్‌స్టీమియస్" అయితే మీదే. తిండిలో మితం పాటించేవాడు అని అర్థం. శనివారాలు మీరు చేసే ఒంటిపూట భోజనం గుర్తొచ్చింది.

అన్నమాచార్య కళామందిరంలో మీరు చూపించిన అవధానం పాపకు చెప్పాను. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఒక అక్షరాన్ని వద్దనగానే అవధాని మరో దారి పట్టడం, మనం తిరిగి వస్తూ దారంతా "ఈ" అక్షరం లేకుండా ఇంగ్లీషు మాట్లాడాలని ప్రయత్నించడం, అన్నీ చెప్పాను. ఇంటికి చేరేదాకా మనం ఇద్దరం కలిపి పది వాక్యాలు కూడా పూర్తిచేయలేదు. పాప వెంటనే మొదలుపెట్టి మూడో మాటకే నాలుక కరుచుకుంది.

ఇప్పుడు అది తాతయ్యకు ఒక ప్రశ్న పంపుతోంది. ఎం, టి అనే రెండు అక్షరాలతో ముగిసే ఇంగ్లీషు మాట చెప్పాలట. మీరు రోజూ రాత్రి చేసే పనికి సంబంధించినదని మాత్రం చెప్పమంది. వచ్చే ఆదివారం ఫోను చేసేదాకా గడువు. అమ్మను అడగవచ్చు. ఊర్ల పేర్లు పనికిరావు.

మీ అమ్మాయి