మా ఆయన ఊపిరి నిలబెట్టిన వాళ్ళందరికీ

అందరికీ నమస్కారం. మా ఆయన ఈ సోమవారం నుంచి మళ్ళీ మిల్లుకు వెళ్తున్నారు. మెట్లెక్కితే ఇంకా కొంచెం ఆయాసం వస్తోంది. బస్తాల పని ఇప్పుడే వద్దని డాక్టర్లు చెప్పడంతో మేనేజరు గారు ఆయన్ని కాంటా దగ్గర కూర్చోబెట్టారు. ఆయనకు ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎంతోమంది ఫోన్ చేసి "ఆటలమ్మకు ఐసీయూ ఏంటమ్మా?" అని అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేకపోయాను. అందుకే జరిగింది కూడా ఇక్కడే రాస్తున్నాను. పేర్లు వద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకు తెలుస్తుంది.

ముందు మా వీధి ఆర్‌ఎంపీ గారికి దండం పెట్టాలి. పాపకు స్కూల్లో ఆటలమ్మ అంటుకుంది, నాలుగు పొక్కులు లేచి వారంలో మాడిపోయాయి. రెండు వారాలు తిరిగేసరికి మా ఆయనకు వచ్చింది, ఒళ్ళంతా సందు లేకుండా పోసింది. ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటితే రెండోవాళ్ళకు ఎక్కువగా పోస్తుందట. చిన్నతనంలో రాని మనిషికి 34 ఏళ్ళప్పుడు వచ్చింది, దానికి తోడు బీడీలు. జ్వరం తట్టుకోలేక మా ఆయనే సూది వేయమని అడిగారు. ఆర్‌ఎంపీ గారు వేయలేదు. స్టెరాయిడ్ సూది వేస్తే ఈ పూటకు హాయిగా ఉంటుంది కానీ లోపల జబ్బు ముదురుతుందని చెప్పి, పారాసిటమాల్ మాత్రమే ఇచ్చి, రోజూ వచ్చి చూసి వెళ్ళారు. సూది వేసి డబ్బులు తీసుకోవడం ఎంత తేలికో మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆయన ఆ పని చేయలేదు.

నాలుగో రోజున పొడిదగ్గు మొదలైంది. వచ్చినవాళ్ళంతా పొక్కులు చూసి "ఇంక మాడు పడుతోంది, తగ్గినట్టే" అంటుంటే, ఆర్‌ఎంపీ గారు మాత్రం చొక్కా విప్పించి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. నిమిషానికి 32 సార్లు. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటరు వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ 88కి పడిపోయినట్టు చూపించింది. వెంటనే 108కి ఆయనే ఫోన్ చేశారు.

ఆ సమయంలో మా అత్తమ్మ అన్న మాట నేను బతికినంత కాలం మర్చిపోను. మా ఇంట్లో అమ్మవారు పోస్తే తాలింపు పెట్టరు, మంచం మీద వేపమండలు పరుస్తారు, మనిషిని గడప దాటనివ్వరు. ఆ పద్ధతిలో పెరిగిన మనిషి ఆమె. "ముత్యాలమ్మకు నేను మొక్కుకుంట బిడ్డా, నువ్వు వాణ్ణి దవాఖానకు తీస్కపో" అంది. ఆ ఒక్క మాటతో చుట్టాల్లో ఇంకెవరూ అడ్డు చెప్పలేదు.

మిర్యాలగూడ ఏరియా ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఆక్సిజన్ పెట్టించి, హైదరాబాద్‌లో మంచం ఉందో లేదో ఫోన్‌లో కనుక్కున్నాకే అంబులెన్స్ కదిలించారు. ఊపిరితిత్తులు రెండింటి నిండా సగ్గుబియ్యం చల్లినట్టు తెల్ల చుక్కలు. మన దగ్గర ఇలాంటి ఎక్స్‌రే చూస్తే ముందు టీబీ అనుమానమే వస్తుంది. ఆమె మాత్రం ఒంటి మీది పొక్కులనూ ఎక్స్‌రేనూ కలిపి చూసి, ఇది ఆటలమ్మ న్యుమోనియా అని చీటీ మీద రాసి పంపారు. దాంతో అక్కడ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కునే పని లేకపోయింది.

హైదరాబాద్ ఆస్పత్రిలో ఛాతీ డాక్టరు గారు నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. ఈ వైరస్ గాలితో ముక్కులోకి, గొంతులోకి వెళ్ళి పెరుగుతుంది, తర్వాత రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది. చర్మం మీద తేలితే పొక్కు. అదే ఊపిరితిత్తుల్లో దిగితే అక్కడ వాపు వస్తుంది, గాలి రక్తంలోకి అందదు, ఒక్కోసారి కళ్ళెలో రక్తం పడుతుంది. సాధారణంగా పొక్కులు లేచిన వారం లోపలే ఇది బయటపడుతుంది. "లోపల కూడా పోసింది" అని మన పెద్దవాళ్ళు అంటుంటారు కదా, అది ఒట్టి మాట కాదని అప్పుడు అర్థమైంది. ఆటలమ్మ వచ్చిన పెద్దవాళ్ళలో సుమారు 400 మందిలో ఒకరికి ఇలా ఆస్పత్రిలో చేరాల్సి వస్తుందట. పొగ తాగేవాళ్ళకు, గర్భిణులకు, స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. ఈ న్యుమోనియా వచ్చినవాళ్ళలో నూటికి 10 నుంచి 30 మంది దాకా పోయిన పాత లెక్కలున్నాయని కూడా ఆయన దాచకుండా చెప్పారు. దాచనందుకే ఆయన మీద నమ్మకం కుదిరింది.

నర్సమ్మల గురించి ఎంత రాసినా తక్కువే. ఎసైక్లోవిర్ అనే మందు 8 గంటలకోసారి నరంలోకి ఎక్కించాలి, మనిషి బరువును బట్టి కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన. గబగబా ఎక్కిస్తే కిడ్నీలు దెబ్బతింటాయని ప్రతిసారీ గంటసేపు సెలైన్‌తో నిదానంగా ఇచ్చేవారు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి, ఒక్కసారి కూడా తప్పలేదు. మూత్రం కొలిచి రాసుకునేవారు, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించేవారు. గాలి ద్వారా అంటుకునే జబ్బు కాబట్టి విడిగది ఇచ్చారు. అంతకుముందు ఆటలమ్మ వచ్చినవాళ్ళో, టీకా వేసుకున్నవాళ్ళో మాత్రమే లోపలికి వచ్చేవారు. నాకు చిన్నప్పుడే వచ్చిందని తెలిసాకే నన్నూ రానిచ్చారు. ఊపిరితిత్తుల్లోకి గాలిని నెట్టే బైపాప్ మాస్కు బిగిస్తే ముఖం మీది పొక్కులు ఒరుసుకుని ఆయన విలవిల్లాడితే, ఒక చిన్న వయసు నర్సమ్మ ముక్కు పక్కన, చెంపల మీద మెత్తటి దూది మడతలు పెట్టి, రాత్రంతా గంటగంటకూ సర్దింది. ఆయన మాస్కు పీకేయకుండా ఉండగలిగారంటే ఆ అమ్మాయి వల్లే. వెంటిలేటర్ దాకా పోకుండా ఆ మాస్కే ఆపింది.

ఇక్కడ ఇంట్లో ఇంకో గండం ఉంది, అది చాలామందికి తెలియదు. మా తోటికోడలికి ఏడో నెల. పాప ఒంటి మీద మచ్చలు చూడగానే మా వీధి ఆశా కార్యకర్త అక్క అడిగిన మొదటి ప్రశ్న, "ఈమెకు చిన్నప్పుడు వచ్చిందా?" అని. ఎవరికీ గుర్తులేదు. కడుపుతో ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోకి ఇది దిగితే తల్లీబిడ్డా ఇద్దరికీ ముప్పేనని చెప్పి, అదే రోజు వెంటబెట్టుకుని వెళ్ళి యాంటీబాడీల రక్తపరీక్ష చేయించింది. ఆమెకు ఇదివరకే వచ్చి పోయినట్టు తేలింది. ఒకవేళ అలా తేలకపోయుంటే జబ్బు మనిషి దగ్గర మెలిగిన 10 రోజుల లోపల ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (రెడీమేడ్ యాంటీబాడీల మందు) ఎక్కడ దొరుకుతుందో కూడా ముందే కనుక్కుని పెట్టింది. ఆశా అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు.

మిల్లులో హమాలీలు, డ్రైవర్లు, బిహార్ నుంచి వచ్చి పనిచేస్తున్న అన్నలు తమ వారం కూలిలోంచి ఇచ్చిన డబ్బుతోనే మా దారి ఖర్చులు, బయటి పరీక్షలు గడిచాయి. మిల్లు యజమాని గారు ఇంకో మంచి పని చేశారు. పనివాళ్ళలో ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్ళను పిలిపించి టీకా వేయించారు. ఇది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల్లో లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాలి. పెద్దవాళ్ళకు కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. గర్భిణులకు వేయకూడదు. అంత ఖర్చు ఆయన ఒక్క మాట అనకుండా పెట్టుకున్నారు.

డిశ్చార్జి కాగితం మీద డాక్టరు గారు ప్రత్యేకంగా ఒక విషయం రాసిచ్చారు. ఊపిరితిత్తుల్లోని చుక్కలు కొన్ని మానాక సున్నం పట్టి, జీవితాంతం ఎక్స్‌రేలో కనిపించవచ్చు. వాటితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ రేపు ఎవరైనా టీబీ మచ్చలనుకుని నెలల తరబడి మందులు మొదలుపెట్టకుండా ఈ కాగితం చూపించాలి. దాన్ని లామినేషన్ చేయించి ఆధార్ కార్డులతో పాటు పెట్టాను. బీడీ మానేయమని మేము ఎన్నాళ్ళుగానో చెప్తున్నదాన్ని డాక్టరు గారు ఒక్క ఎక్స్‌రే చూపించి మాన్పించారు, అందుకు అత్తమ్మ తరఫున వేరే కృతజ్ఞతలు.

మా చుట్టుపక్కల ఎవరి ఇంట్లోనైనా పెద్దవాళ్ళకు ఆటలమ్మ వస్తే, మొదటి రోజే డాక్టరుకు చూపించండి. పొక్కులు లేచిన 24 గంటల లోపల ఎసైక్లోవిర్ మాత్రలు మొదలుపెడితే ఎక్కువ గుణం ఉంటుందని చెప్పారు. దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి ఏది కనిపించినా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. మీరు పంపిన డబ్బులో మిగిలినదానితో రెండు ఆక్సీమీటర్లు కొని, ఒకటి ఆర్‌ఎంపీ గారికి, ఒకటి ఆశా అక్కకు ఇచ్చాము. అవసరమైనవాళ్ళు ఏ వేళైనా వాళ్ళను అడిగి తీసుకోవచ్చు.