టీచరు వెంట ఇల్లూ బయల్దేరుతోంది

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతికి లెక్కలు చెప్పే మా టీచరు జులై నెలాఖరున అమెరికా వెళ్తున్నారు. ఉపాధ్యాయుల మార్పిడి పథకం కింద తూర్పు తీరంలోని ఒక బడిలో ఏడాది పాఠాలు చెప్పి వచ్చే జూన్‌లో తిరిగి వస్తారు. భర్త, మన బడిలోనే రెండూ ఐదూ తరగతులు చదువుతున్న ఇద్దరు పిల్లలు కూడా వెళ్తున్నారు. అత్తమామలు ఇక్కడే ఉంటారు. బడి తెరిచే జూన్ 12 నుంచే కొత్త లెక్కల టీచరు అదే క్లాసులో కూర్చుంటారు. ఎవరికి భిన్నాలు తడబడతాయో, ఎవరు హోంవర్కు పక్కవాళ్లది చూసి రాస్తారో ఆ ఆరు వారాల్లో ఆమెకూ తెలిసిపోతుంది. క్లాసు గురించి మీరు బెంగపడాల్సింది లేదు.

మిగతా ఉత్తరమంతా ఇంటి సంగతే. పాఠం చెప్పడం అలవాటైన మనిషికి ఊరు మారినా పాఠం పెద్ద కష్టం కాదు. ఏడాది చెడేది ఇంటి దగ్గర. మీలో చాలామంది ఆన్‌సైట్ ఉద్యోగం పేరుతో ఏడాదికో రెండేళ్లకో పిల్లల్ని తీసుకెళ్లి, మళ్లీ మా దగ్గరికే తెస్తుంటారు. టీచరు కుటుంబానికి చూసుకున్నవే మీకూ పనికొస్తాయి.

మొదటి చిక్కు పేర్ల దగ్గరే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, బడి రికార్డులో అది చుక్క పెట్టిన ఒక్క అక్షరం. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి పేరంతా ఒకే గడిలో రాయిస్తే, అమెరికా వీసాలో ఆ పేరంతా ఇంటిపేరైపోతుంది. అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. ఆ తర్వాత బ్యాంకూ, లైసెన్సూ, బడి హాజరుపట్టీ అన్నీ ఆ మూడక్షరాలనే పట్టుకుంటాయి. వీసా ఫారం నింపకముందే పాస్‌పోర్టు సరిచేయించండి. భార్య సర్టిఫికెట్లలో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు ఉంటే ఆ రెంటినీ కలిపే కాగితం పెళ్లి ధ్రువపత్రమే. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవాలి. శుభలేఖ పారేయకండి, రిజిస్ట్రేషన్‌కి అక్కడ అదీ, పెళ్లి ఫొటోలూ అడుగుతారు.

మార్పిడి టీచరుది జే-1 వీసా. భర్తకో భార్యకో, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలకో వచ్చేది జే-2. ఒక్కొక్కరికీ డీఎస్-2019 అనే పత్రం విడిగా రావాలి కాబట్టి, వెంట ఎవరెవరు వస్తున్నారో మార్పిడి పథకం నడిపే స్పాన్సర్ సంస్థకు మొదట్లోనే చెప్పాలి. అమ్మానాన్నలకు జే-2 ఉండదు, చూడ్డానికొస్తే సందర్శక వీసా మీదే. ఇక జే-2 మీద వెళ్లినవాళ్లు ఉద్యోగం చేయాలంటే అక్కడికి చేరాక పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి, అది చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది. ఇక్కడ రెండు జీతాల మీద ఫ్లాటు ఈఎంఐ కడుతున్న కుటుంబం అక్కడ ఒక్క జీతంతో అద్దె, కారు, ఇక్కడి ఈఎంఐ మూడూ లాగాలి. ఉద్యోగం మానుకుని వెళ్లిన మనిషికి పగలంతా ఖాళీ ఇల్లు. దీని గురించి బయల్దేరకముందు మాట్లాడుకోని ఇళ్లలో సంక్రాంతి నాటికి మాటలే తగ్గిపోతాయి.

ఆరోగ్య బీమా టీచరుకే కాదు, వెంట వెళ్లేవాళ్లందరికీ ఉండాలన్నది జే వీసా నియమం. ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి, మన జేబులోంచి ముందు పెట్టాల్సింది 500 డాలర్లు దాటకూడదు. పళ్లూ కళ్లద్దాలూ మామూలుగా ఇందులోకి రావు. పిప్పిపన్ను ఇక్కడే పూడ్పించుకుని, అద్దాలు రెండో జత చేయించుకుని వెళ్లడం నయం.

అన్నిటికన్నా ముందు, కనీసం ఆరు నెలల ముందు, తీయాల్సింది పిల్లల టీకాల కార్డు. ఏ టీకాలు కావాలో అక్కడ ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చెబుతుంది, లెక్క తేలందే పిల్లల్ని బడిలో కూర్చోనివ్వరు. మన సర్కారు దవాఖానాల్లో వేసేది ఎంఆర్, అంటే తట్టుకూ రుబెల్లాకూ. అక్కడ అడిగేది గవదబిళ్లలు కూడా కలిసిన ఎంఎంఆర్, రెండు డోసులు, అవీ మొదటి పుట్టినరోజు తర్వాత వేసినవే. తొమ్మిదో నెలలో పడ్డ డోసు అక్కడ లెక్కలోకి రాదు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ జాబితాలోనే లేదు, అక్కడ చాలాచోట్ల తప్పనిసరి. హెపటైటిస్-బి చివరి డోసు బిడ్డకు 24 వారాలు నిండాక పడి ఉండాలంటారు, మన దగ్గర 6, 10, 14 వారాలకే అయిపోతుంది. పోలియో చుక్కల్లో 2016 ఏప్రిల్ తర్వాత వేసినవి పక్కన పెట్టి ఇంజక్షన్లనే చూస్తారు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు ఒకే రోజు వేయించాలి, లేదంటే మధ్య 28 రోజులు ఎడం పెట్టాలి. చిన్నపిల్లలకు ఆటలమ్మ రెండో డోసుకు మూడు నెలలు ఆగమంటారు. ఆరు నెలలంటున్నది ఇందుకే.

కార్డు మీద తేదీ రాసే తీరు కూడా చూసుకోండి. 2018 జులై 10న పుట్టిన పాపకు ఎంఎంఆర్ 2019 ఆగస్టు 5న వేశారనుకుందాం. మన డాక్టరుగారు 05/08/2019 అని రాస్తారు. అక్కడ నెల ముందు చదువుతారు కాబట్టి బడి నర్సుకు అది మే 8. పాపకు ఏడాది నిండకముందే వేసినట్టు కనిపిస్తుంది, పాపకు మళ్లీ సూది. నెల పేరు అక్షరాల్లో ఉండేలా ఇంగ్లిషులో కొత్తగా రాయించి, డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. టీబీ పరీక్ష అడిగితే రక్తంతో చేసేది కావాలనండి. మన పిల్లలకు పుట్టగానే బీసీజీ, అంటే టీబీ టీకా, వేస్తాం కదా, దానివల్ల చేతి మీద చేసే పరీక్షలో వాపు వచ్చి లేనిపోని ఎక్స్‌రేల దాకా పోవచ్చు. రక్తపరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు.

ఎప్పుడు వెళ్తారన్నది కూడా ముఖ్యమే. జులై చివర బయల్దేరి జూన్‌లో వస్తే పిల్లలకు ఏడాది నష్టం కాదు. ఇక్కడ ఐదులో చేరి ఆరు వారాలు కూర్చున్న బాబు అక్కడ ఐదో గ్రేడు చదివి, వచ్చి ఆరులో చేరతాడు. జనవరిలో వెళ్తే అటూ ఇటూ రెండు విద్యాసంవత్సరాలూ విరుగుతాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని ఏడాది కోసం కదపొద్దనే మా సలహా. బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి పిల్లాడికీ ఉండే శాశ్వత నంబరు, పెన్, రాసి దాచుకోండి. బడి వదిలిన పిల్లల వివరాలు అందులో డ్రాప్‌బాక్స్‌లోకి వెళ్తాయి, తిరిగి వచ్చాక ఆ నంబరుతోనే వెనక్కి తెస్తాం. నంబరు లేక కొత్తగా ఎక్కిస్తే ఒకే పిల్లాడు రెండుచోట్ల కనిపిస్తాడు.

తిరిగి వచ్చిన పిల్లలకు అసలు దెబ్బ తెలుగులో. మాట పోదు, చదవడం పోతుంది. రెండో తరగతి పాప ఏడాదిలో వత్తులు మరిచిపోతుంది, ‘ళ’కీ ‘ల’కీ తేడా పోతుంది. 2018 చట్టం మన తెలంగాణలో ఒకటి నుంచి పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది కాబట్టి తప్పించుకునే దారీ లేదు. రోజూ పావుగంట చాలు: ఒక పేజీ పైకి చదివించి, అందులోంచే ఐదు వాక్యాలు చెప్పి రాయించండి. రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఆ పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్‌లో కాకుండా ప్రింటు తీయించి స్పైరల్ వేయించుకెళ్లండి. సూట్‌కేసులో ఆవకాయ సీసాకున్న చోటు దీనికీ ఉంటుంది. లెక్కల్లో ఇంకో చిన్న తిరకాసు: అక్కడ నేర్చిన పిల్లలు లక్షను 1,00,000 అని కాక 100,000 అని రాస్తారు. మొదటి నెలంతా కామాలకు మార్కులు తీయొద్దని మా టీచర్లకు చెప్పాం.

ఇక్కడ ఉండిపోయే పెద్దవాళ్ల దగ్గర గ్యాస్, కరెంటు, పెన్షన్ ఎవరి ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. సిలిండర్ తెచ్చిన అబ్బాయి మధ్యాహ్నం పన్నెండింటికి గుమ్మంలో నిలబడి కోడ్ అడుగుతాడు. ఆ కోడ్ అమెరికాలో అర్ధరాత్రి రెండున్నరకు దిండు పక్కనున్న ఫోన్‌కి వెళ్తుంది. వెళ్లకముందే నంబరు మామగారిదిగా మార్పించాలి. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్‌కు రీఛార్జి ఆపకూడదు. 90 రోజులు వాడకం లేకపోతే ఆ నంబరు చేజారిపోవచ్చు. పెన్షనర్ల జీవన ప్రమాణ పత్రం నవంబరులో. ఆ తేదీ పెద్దవాళ్లకు గుర్తుంటుంది గానీ వేలిముద్ర పడకపోతే తోడు వెళ్లే మనిషి ఎవరో ముందే అనుకోవాలి.

చివరగా, టీచరుకు మెసేజ్‌ల గురించి. నవంబరు మొదటి ఆదివారం దాకా మనకూ తూర్పు తీరానికీ తేడా తొమ్మిదిన్నర గంటలు, ఆ రోజు నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదిన్నర. మీరు రాత్రి ఎనిమిదిన్నరకు పిల్లాడి సందేహం పంపితే ఆమె అక్కడ పాఠం మధ్యలో ఉంటారు. మన ఉదయం ఆరున్నర ఆమెకు రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. ఆ గంట అత్తమామలది, పిల్లలది. సందేహాలు కొత్త టీచరుకే పంపండి. పూర్వపు టీచరే బాగా చెప్పేవారని మెసేజ్ పెట్టడం ఇద్దరికీ ఇబ్బందే.

బతుకమ్మకు అక్కడ సెలవుండదు, తంగేడూ దొరకదు. బంతిపూలతోనో చామంతులతోనో శని, ఆదివారాల్లో పేర్చుకుంటారు. మన పిల్లలు ఆ వారం తీసిన ఫొటోలు పంపాలనుకుంటే ఆఫీసులో ఇవ్వండి, అన్నీ కలిపి ఒకేసారి పంపుతాం.

ఈ ఏడాది మీలో ఎవరైనా పిల్లలతో బయటిదేశం వెళ్తుంటే స్టడీ సర్టిఫికెట్ కోసం పనిదినాల్లో 10 నుంచి 12 గంటల మధ్య ఆఫీసుకు రండి. పాస్‌పోర్టు జిరాక్సు తప్పకుండా తెచ్చుకోండి. అందులో పేరు ఎలా ఉంటే అలాగే, ఒక్క అక్షరం తేడా లేకుండా టైపు చేయిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు