కారన్‌వాలీస్ చరిత్రను సగమే చెబుతున్నాం

సంపాదకులకు నమస్కారం.

‘భారత సివిల్ సర్వీసుల పితామహుడు ఎవరు?’ పోటీ పరీక్షల గైడ్లలో తరచూ కనిపించే ప్రశ్న ఇది. జవాబు ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ లార్డ్ కారన్‌వాలీస్ అని పిల్లలు ఠక్కున చెప్పేస్తారు. కలెక్టరుకు నెలకు 1,500 రూపాయల జీతం, వసూలు చేసిన శిస్తుపై కమీషను ఇప్పించి కంపెనీలో లంచాలను అరికట్టాడని కూడా చెబుతారు. పెద్ద ఉద్యోగాలు తెల్లవారికే అని భారతీయులను గడప దాటనివ్వనిది కూడా ఆయన హయాంలోనే అన్న మాట మాత్రం వారి నోట రాదు. ఏళ్ల తరబడి చరిత్ర పాఠం చెప్పిన నాకు ఇది మింగుడుపడటం లేదు.

ఆ జీవితాన్ని మొత్తంగా చూపితే పిల్లలు తామే ఆలోచించుకుంటారు. 1738లో లండన్‌లో ప్రభు కుటుంబంలో పుట్టాడు. ఈటన్‌లో చదివి సైన్యంలో చేరాడు. 1760లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. తండ్రి మరణంతో రెండేళ్లకే ప్రభువుల సభలో అడుగుపెట్టాడు. అమెరికా వలసలపై ఎలాంటి చట్టమైనా చేసే అధికారం తమకుందని 1766లో బ్రిటన్ చట్టం తెచ్చినప్పుడు, ఆ సభలో వ్యతిరేకించిన అయిదుగురిలో ఆయన ఒకడు. అదే మనిషి పదేళ్లకు ఆ వలసలను అణచడానికి సైన్యంతో వెళ్లాడు. 1781 అక్టోబరులో యార్క్‌టౌన్ ముట్టడిలో తిండిగింజలు తరిగిపోతుంటే, స్వేచ్ఛ దొరుకుతుందని తన సైన్యాన్ని నమ్ముకుని వచ్చిన నల్లజాతి బానిసలను, మశూచితో బాధపడుతున్నవారిని సైతం, శిబిరం నుంచి బయటికి గెంటించాడు. లొంగుబాటు రోజున ఒంట్లో బాగాలేదని చెప్పి, కత్తి అప్పగించడానికి తన కింది అధికారిని పంపాడు. 1789లో కలకత్తాలో బానిసలను ఓడల్లో ఎగుమతి చేయరాదని ప్రకటించిందీ ఈయనే. బానిసల విషయంలో ఈ రెండు ఘట్టాలూ పక్కపక్కన పెట్టి చెప్పాల్సినవి.

మనకు నేరుగా తగిలే సంగతులు ఇంకా ఉన్నాయి. 1792లో కారన్‌వాలీస్ చేతిలో ఓడి టిప్పు సుల్తాన్ సగం రాజ్యం పోగొట్టుకున్నాడు. పదేళ్లు, ఎనిమిదేళ్లు ఉన్న ఇద్దరు కొడుకులను తాకట్టుగా అప్పగించాడు. చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియంలోని కారన్‌వాలీస్ విగ్రహం కింద దిమ్మెపై ఆ అప్పగింతనే చెక్కారు. ఆ పిల్లల బొమ్మలను చూసి కూడా దాన్ని ఒట్టి విజయంగా చెప్పడం నాకు చేతకాదు. ఆ యుద్ధంలో, తర్వాత 1799 యుద్ధంలో నిజాం వాటాకు వచ్చిన నేలలే 1800లో కంపెనీ పరమై దత్త మండలాలయ్యాయి. నేటి రాయలసీమలో ఎక్కువ భాగం అదే.

ఇక 1793 నాటి శాశ్వత శిస్తు విధానం. జమీందారు కంపెనీకి కట్టాల్సింది ఎప్పటికీ మారకుండా ఖాయమైంది. రైతు జమీందారుకు ఇవ్వాల్సిన దానికి అలాంటి హామీ ఏదీ ఆచరణలో దక్కలేదు. ఆ బెంగాల్ నమూనానే 1802 నుంచి మన ఉత్తర సర్కారుల్లో అమలు చేశారు. జమీందారుల కింద కాక నేరుగా ప్రభుత్వం చేతిలో ఉన్న హవేలీ భూములను ముఠాలనే చిన్న ఎస్టేట్లుగా విడదీసి వేలం వేశారు. శిస్తు గడువులోగా కట్టలేని జమీందారుల ఎస్టేట్లూ వేలానికొచ్చాయి. ఆ భారం మోసిన రైతుకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా విముక్తి లేదు. విజయనగరం, బొబ్బిలి ప్రాంతాల పిల్లలకు ఇది తమ తాతముత్తాతల కథ. వారి చేత కూడా దీన్ని ‘సంస్కరణలు’ అన్న శీర్షిక కింద బట్టీ పట్టిస్తున్నాం.

1798 తర్వాత ఐర్లండ్‌ను బ్రిటన్‌లో కలిపేందుకు అక్కడి పార్లమెంటు సభ్యులను పదవులతో, బిరుదులతో లోబరచుకున్న పనిని మురికి పని అని, అందుకు తనను తాను అసహ్యించుకుంటున్నానని కారన్‌వాలీస్ స్వయంగా లేఖలో రాసుకున్నాడు. ఆయన అంత నిక్కచ్చిగా ఒప్పుకున్న విషయాలను రెండు శతాబ్దాల తర్వాత మనం ఎందుకు దాచాలి?

రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తక కమిటీలకు నా విన్నపం: తదుపరి ముద్రణలో ఈ పాఠానికి కనీసం రెండు పేజీలు ఇవ్వండి. ఉద్యోగాల నుంచి భారతీయులను దూరం పెట్టిన సంగతిని, ఉత్తర సర్కారుల వేలాలను అందులో చేర్చండి. పరీక్షల్లో ఆయన బిరుదు కాకుండా, ఆయన నిర్ణయాలతో ఎవరికి లాభం, ఎవరికి నష్టం కలిగిందో అడగండి.

- విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, విజయనగరం