నెలసరి ముందు బాధలకు ప్యాకేజీ పరీక్షలా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ మహిళల పేజీలో వచ్చిన 'హార్మోన్ల సమతుల్యత' వ్యాసం మీద ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. పైన వ్యాసం, కింద హార్మోన్ పరీక్షల ప్యాకేజీ, పొడుల ప్రకటన. రెండింటిలో అవే మాటలు. మధ్యలో గీత లేకపోతే ఏది ఏదో తెలిసేది కాదు.

చిరాకు, ఏడుపు, రొమ్ముల సలపరం, కడుపుబ్బరం అన్నీ హార్మోన్లు 'అదుపు తప్పడం' వల్లేనట, 11 హార్మోన్ల పరీక్ష చేయిస్తే గుట్టు బయటపడుతుందట. పడదు. పీఎంఎస్, అంటే నెలసరి ముందు వచ్చే ఈ బాధలు ఉన్నవారిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ సాధారణంగా ఉండాల్సినంతే ఉంటాయి. అండం విడుదలయ్యాక అవి పెరిగి తగ్గుతుంటే మెదడు స్పందించే తీరులోనే తేడా. ప్రొజెస్టెరాన్ నుంచి తయారయ్యే అల్లోప్రెగ్నెనొలోన్ మామూలుగా మెదడును నెమ్మదింపజేస్తుంది. కొందరిలో అదే ఎదురు తిరిగి చిరాకు, ఆందోళన పెంచుతుందని పరిశోధకుల అంచనా. మనసు స్థితిని నడిపే మెదడు రసాయనం సెరటోనిన్ పాత్రా ఉంది. ఇదంతా చేతి నరంలోంచి తీసిన రక్తంలో దొరికే సంగతి కాదు.

పోనీ, ఆ రక్తం ఏ రోజు ఇవ్వాలో అయినా చెప్పారా? అండం ఎదుగుదలను నడిపే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ కొలిచేది నెలసరి మొదలైన 2 నుంచి 5 రోజుల్లో. ప్రొజెస్టెరాన్ కొలిచేది రాబోయే నెలసరికి దాదాపు 7 రోజుల ముందు. అంటే 28 రోజులకోసారి వచ్చేవారికి 21వ రోజు, 35 రోజులకోసారి వచ్చేవారికి 28వ రోజు. ఈ రెండోవారు అందరిలాగే 21వ రోజున వెళ్తే అప్పటికి అండం విడుదలై కూడా ఉండదేమో. 'ప్రొజెస్టెరాన్ తక్కువ' అని కాగితం, వెంటనే మాత్రలు! సరైన రోజున చేసినా ఆ పరీక్ష అండం విడుదలైందో లేదో చెబుతుంది, అంతే. పీఎంఎస్‌కు ప్రొజెస్టెరాన్ మాత్రలు పనిచేస్తాయనడానికి గట్టి రుజువూ లేదు.

నిర్ధారణకు కావలసింది నోటుపుస్తకం, పెన్ను. వరసగా రెండు నెలసరి చక్రాలపాటు రోజూ రాత్రి ఒక్కో లక్షణానికీ 1 నుంచి 6 వరకు అంకె వేసుకోవాలి. రక్తస్రావం ఉన్న రోజులకు గుర్తు పెట్టాలి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని ఒక్కసారే నింపితే లాభం లేదు, చెడ్డ రోజులే జ్ఞాపకం ఉంటాయి. అంకెలు నెలసరి ముందు పెరిగి, మొదలైన నాలుగైదు రోజుల్లో దిగిపోయి, ఆ తర్వాత కనీసం ఒక వారం తేటగా ఉంటే అది పీఎంఎస్. ఆ తేట వారమే లేకపోతే కుంగుబాటో థైరాయిడో రక్తహీనతో ఉందేమో చూడాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), హిమోగ్లోబిన్ (రక్తహీనత కోసం) పరీక్షలకు అర్థముండేది ఇక్కడే. మీ 11లో హిమోగ్లోబిన్ లేదు మరి!

వ్యాసంలోని విటమిన్ బి6 సలహా మరీ ప్రమాదం. 'తగ్గకపోతే మోతాదు పెంచండి' అన్నారు. రోజుకు 100 మిల్లీగ్రాములు దాటి చాలాకాలం వాడితే నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. కాల్షియం ఆహారంతో కలిపి రోజుకు 1000-1200 మిల్లీగ్రాములు అందితే కొందరికి ఉపశమనం ఉంది. దాని ప్రస్తావనే లేదు. బాధ తీవ్రంగా ఉన్నవారికి సెరటోనిన్‌ను పెంచే మందులను డాక్టర్లు నెలసరికి ముందు 14 రోజులు మాత్రమే ఇవ్వడం కూడా ఉంది. కుంగుబాటులోలా వారాలు ఆగనక్కర్లేదు, రోజుల్లోనే పనిచేస్తాయి. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే మాత్రం పుస్తకం నిండేదాకా ఆగకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పీఎండీడీ అనే తీవ్ర రూపాన్ని 2013లోనే అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల గ్రంథం డీఎస్‌ఎం-5 ప్రత్యేక రుగ్మతగా చేర్చింది. ఇంకా 'పిల్లలు పుడితే తగ్గుతుంది' అనే డాక్టర్లకు ఆ కబురు ఎప్పుడు చేరుతుందో.

ఇక అధికారులు. ఈ పొడులు మందు కాదు గనుక మందుకు అడిగినంత రుజువు అడగరు, భోజనం కాదు గనుక రుచీ అడగరు. 'తోడ్పడుతుంది' అన్న ఒక్క మాట అట్ట మీద ఉంటే చాలు, అన్ని తలుపులూ తెరుచుకుంటాయి. పత్రికలో ఆరోగ్య వ్యాసం అచ్చుకు పోయే ముందు ఒక డాక్టరుకు చూపించే అలవాటు కూడా పోయినట్టే ఉంది.

ఆ ప్రకటన జాగాలో రోజూ అంకెలు వేసుకోవడానికి 35 గడుల ఖాళీ పట్టిక వేసి ఉంటే పాఠకురాళ్లు కత్తిరించి దాచుకునేవారు. వచ్చే వారమైనా వేయండి.

- ఒక పాఠకురాలు