పిల్లవాడు ఒక జిల్లాలో, నివేదిక మరో జిల్లాలో
సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయం తీసుకునే బాలల సంక్షేమ సమితుల ముందుకు వచ్చిన కేసులు జిల్లాల మధ్య సమన్వయం లేక నెలల తరబడి నానుతున్నాయి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం సామాజిక విచారణ, అంటే పిల్లల కుటుంబ నేపథ్యంపై ఆరా, 15 రోజుల్లో, తుది ఉత్తర్వు 4 నెలల్లో పూర్తికావాలి. నేను ఆదివారాలు లెక్కలు చెప్పే ఒక బాలల గృహంలో ఓ కుర్రాడు తన ఊరి పేరు, బడి పేరు, బడి ముందరి చింతచెట్టు సంగతి కూడా చెబుతున్నా, పొరుగు జిల్లా నుంచి విచారణ నివేదిక రాలేదంటూ 7 నెలలుగా అతని ఫైలు కదలడం లేదు. ఈలోగా కేసు చూసే ఉద్యోగులు ఇద్దరు మారారు. వచ్చిన ప్రతివారూ మొదటి ప్రశ్న నుంచే అడగడంతో వాడికి జవాబులు కంఠతా వచ్చేశాయి. ఈ చట్టం ప్రకారం సమితుల పనితీరును మూడు నెలలకోసారి సమీక్షించాల్సిన జిల్లా మేజిస్ట్రేట్లు మొత్తం కేసుల సంఖ్యతో సరిపెట్టుకోక, గడువు దాటిన ప్రతి ఫైలు ఎవరి బల్లమీద ఆగిందో రాతపూర్వకంగా అడగాలి. పొరుగు జిల్లా జవాబివ్వకపోతే రాష్ట్ర స్థాయి అధికారులే తెప్పించాలి.