మా పాపకి రక్తం ఇచ్చిన అన్నలకి, అక్కలకి

అందరికీ నమస్కారం. మా పాపకి ఈ నెలలో తొమ్మిదేళ్లు నిండాయి. దాని ఒంట్లో పారే రక్తం ఎవరెవరిదో మాకు తెలియదు. ఇంటింటికీ వచ్చి దండం పెట్టే వీలు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మీలో ఒక్కరు చదివినా చాలు.

పాపకి తలసేమియా మేజర్, అంటే ఒంట్లో సరిపడా మంచి రక్తం తయారవని, పుట్టుకతో వచ్చే జబ్బు. రెండు మూడు వారాలకోసారి ఎర్రకణాలు ఎక్కించాలి. రోజు దగ్గరపడుతుంటే ముఖం పాలిపోయి, ఆటలు మానేసి ఓ మూల కూర్చుంటుంది. ఎక్కించిన మర్నాడు వీధంతా దానిదే. ఎక్కించిన రక్తం వల్ల గుండెలో, కాలేయంలో ఐరన్ పేరుకుంటుంది, అది బయటికి పోవడానికి రోజూ మందు వేయాలి.

పాప చిన్నగా ఉన్నప్పుడు మేం వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్రతిసారీ "దాతని వెంటబెట్టుకుని రండి" అనేవాళ్లు. మా ఆయన ఆటో నడుపుతారు. స్టాండులో తోటి డ్రైవర్లు, మా అన్నదమ్ములు, ఆడపడుచు భర్త, అందరూ ఇచ్చారు. కానీ ఒకసారి ఇచ్చాక మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. ఎంత పెద్ద చుట్టరికమైనా జీవితాంతం సరిపోదు. డబ్బు కంటే ఆ టెన్షనే మమ్మల్ని ఎక్కువ కుంగదీసింది.

హైదరాబాద్ శివరాంపల్లిలో తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉందని చెప్పింది మా అంగన్‌వాడీ టీచరమ్మ. 1998 నుంచి పనిచేస్తున్న సంస్థ అది. పిల్లలకి అక్కడ ఉచితంగా రక్తం ఎక్కిస్తారు. సూది గుచ్చే ముందు పాపతో కబుర్లు చెప్పే నర్సమ్మలకి నా మొదటి కృతజ్ఞతలు.

రక్తదాన శిబిరాలు నడిపే మా అత్తాపూర్ వైపు కుర్రాళ్లకి మాత్రం వివరంగా చెప్పాలి. ఆగస్టు 15కి, అక్టోబర్ 2కి, హీరోల పుట్టినరోజులకి శిబిరాల దగ్గర క్యూలు కడతారు. అది మంచిదే. కానీ ఎర్రకణాలు ఫ్రిజ్‌లో పెట్టినా ఆరు వారాలకి మించి నిలవ ఉండవు. ఆగస్టులో వచ్చింది మేలో పిల్లలకి పనికిరాదు. పరీక్షలు, సెలవులు, ఎండలు కలిసొచ్చి వేసవిలో దాతలు తగ్గిపోతారు. అందుకని ఈ కుర్రాళ్లు దాతల తేదీలు పుస్తకంలో రాసుకుంటారు. ఎవరైనా ఉత్సాహంగా ఫోన్ చేస్తే "అన్నా, ఇప్పుడు సరిపడా ఉంది, మీరు మే రెండో వారంలో ఇవ్వండి" అంటారు. ఇవ్వడానికి వచ్చిన మనిషిని ఆపి, అవసరమైన రోజున మళ్లీ గుర్తుచేసి పిలవడం ఎంత ఓపిక ఉంటే అవుతుందో నేను కళ్లారా చూశాను. నా దృష్టిలో ఒక్కరోజు పెద్ద శిబిరం పెట్టడం కన్నా ఇదే గొప్ప పని.

ఇంకో మంచి పద్ధతి ఉంది వాళ్లకి. పిల్లల్ని స్టేజీ ఎక్కించి జాలి పుట్టించరు. మాలాంటి తల్లుల్ని పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెడతారు. వచ్చినవాళ్లు మమ్మల్నే అడుగుతారు: నీరసం వస్తుందా, బండి నడపొచ్చా, నా రక్తం ఎవరికెళ్తుంది అని. మేం తెలిసింది చెబుతాం. సాయం తీసుకునేవాళ్లలా కాకుండా పనిలో భాగస్థుల్లా చూశారు మమ్మల్ని. అది నేను మర్చిపోను.

శిబిరానికి వచ్చిన ఒక అపార్ట్‌మెంట్ అక్కకి కూడా కృతజ్ఞతలు. రక్తంలో హెచ్‌బీ (హిమోగ్లోబిన్) 12.5 లేదని మొదటిసారి వెనక్కి పంపారు. పల్లీపట్టీ, ఆకుకూరలు, డాక్టరు రాసిన మాత్రలు కొన్ని నెలలు తిని, చివరికి వచ్చి ఇచ్చి వెళ్లారు. మీ పేరు అడగనేలేదు అక్కా.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా కూడా ఉందని చెప్పి, సదరం (వైకల్య ధ్రువీకరణ) కాగితాల కోసం మాతో తిరిగిన తమ్ముడికి థ్యాంక్స్.

మా బస్తీవాళ్లకి వేరేగా చెప్పాలి. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే, అంటే తమకి జబ్బు లేకున్నా దాన్ని పిల్లలకి అందించగలవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి ఈ జబ్బు వచ్చే ప్రమాదం నాలుగో వంతు ఉంటుంది, పైకి మాత్రం ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. క్యారియరో కాదో చెప్పే హెచ్‌బీఏ2 రక్తపరీక్ష చేస్తామంటే మొదట్లో "పెళ్లి సంబంధాలు చెడిపోతాయి" అని ఎవరూ రాలేదు. కుర్రాళ్లు కోప్పడలేదు. ముందు నలుగురు పెద్దావిడల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. తర్వాత ఆ పెద్దావిడలే కోడళ్లని, మనవరాళ్లని పరీక్షకి తీసుకొచ్చారు. గర్భంతో ఉన్న మా మరదలు కూడా చేయించుకుంది. ఆమె క్యారియర్ కాదని రిపోర్టు వచ్చిన రోజు మా అమ్మ ఏడ్చేసింది.

మొన్న ఆగస్టు 15న ఇచ్చిన అన్నలకి నవంబర్ మధ్యకి మూడు నెలలు నిండుతాయి. పాపది బి పాజిటివ్, కానీ సొసైటీలో పక్క మంచాల్లో అన్ని గ్రూపుల పిల్లలూ ఉన్నారు. మీ గ్రూపు ఏదైనా సరే, కుర్రాళ్లు ఫోన్ చేసినప్పుడు దయచేసి ఎత్తండి.